స్టోన్ రోజెస్ మొదటి ఆల్బమ్ ఎలా వినాలంటే

విజయనగరంలో పాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి, షఫుల్ ఆపేయండి. 1989లో స్టోన్ రోజెస్ అనే రాక్ బ్యాండ్‌లోని మాంచెస్టర్ కుర్రాళ్లు నలుగురు చేసిన ఈ ఆల్బమ్ 49 నిమిషాలు, 11 పాటలున్న బ్రిటన్ ఎడిషనే పెట్టుకోండి.

మొదట్లో ఏదో గరగర తప్ప ఏమీ వినపడదు, కంగారుపడి సౌండ్ పెంచకండి, కాసేపటికి వాళ్లలో ఒకడైన మానీ బేస్ గిటార్ మెల్లగా మొదలవుతుంది, దానిమీద గిటార్, తర్వాత డ్రమ్స్, పాట చాలాసేపటికి గానీ అందుకోరు. అబ్బ, ఆ ఎదురుచూపే నాకు ప్రాణం.

'వాటర్‌ఫాల్' అయ్యాక వచ్చే 'డోంట్ స్టాప్' నిజానికి ఆ పాటనే వెనక్కి తిప్పి దానిమీద కొత్తగా పాడింది, అందుకే రెండూ వరుసగా వినాలి. చివరి పాట 8 నిమిషాలు. సగంలో పాడటం ఆగిపోతుంది, పొందూరు వచ్చేసినా సరే ఇయర్‌ఫోన్స్ తీయకండి, అసలు వాయింపు అక్కడే మొదలవుతుంది.