బంగారు గని నివేదికను చదివే పద్ధతి

కుప్పం ప్రాంతంలోని చిగురుగుంట, బిసానత్తం గనుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా లక్షల టన్నుల నిల్వల లెక్క మన చిత్తూరు జిల్లాలో చర్చకు వస్తుంది. కోలారు శిలా పట్టీకి దక్షిణపు కొనసాగింపుగా ఉన్న ఈ గనులు 2001లో మూతపడ్డాయి. ఆ టన్నులు బంగారానివి కావు, బంగారం ఇమిడి ఉన్న రాతివి. కాబట్టి నివేదిక చేతికి అందగానే ముందుగా చూడవలసినది టన్నుల సంఖ్య కాదు, దాని పక్కనే ఉండే గ్రేడు.

ఒక టన్ను ముడిఖనిజంలో ఎన్ని గ్రాముల లోహం ఉన్నదో గ్రేడు తెలుపుతుంది; పీపీఎం (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులు) అని రాసినా విలువ అదే. ఉదాహరణకు గ్రేడు 5 గ్రాములైతే లక్ష టన్నుల రాతిలో ఉండే బంగారం 500 కిలోలు. శుద్ధి కర్మాగారంలో రికవరీ 90 శాతమనుకుంటే చేతికి వచ్చేది 450 కిలోలే. ఆ తరువాత కటాఫ్ గ్రేడు ఎంతో వెతకాలి. ఏ గ్రేడుకు దిగువన తవ్వితే ఖర్చులు కూడా రావో ఆ హద్దు అది; బంగారం ధర పెరిగితే హద్దు దిగుతుంది, నిన్న వ్యర్థమని వదిలేసిన శిల ఖనిజం లెక్కలోకి వస్తుంది, టన్నులు పెరుగుతాయి, సగటు గ్రేడు మాత్రం తగ్గుతుంది. కటాఫ్ చెప్పకుండా టన్నులు మాత్రమే ప్రకటించిన నివేదికను నమ్మకపోవడమే మేలు.

బోరు వేసి తీసిన నమూనాల పట్టికల దగ్గర ఇంకొంత నిదానం అవసరం. 62.00 మీటర్ల నుంచి 64.00 మీటర్ల వరకు ఖనిజం తగిలిందని ఒక వరుసలో ఉన్నదనుకుందాం. చూడగానే తీగ (రాతి మధ్య పొరలా సాగే ఖనిజం) మందం 2 మీటర్లని అనిపిస్తుంది. కానీ బోరు ఆ తీగను 30 డిగ్రీల కోణంలో దాటి ఉంటే నిజ మందం 1 మీటరే. పట్టికలో నిజ మందానికి వేరే గడి ఉన్నదో లేదో అందుకే చూసుకోవాలి. అలాగే బంగారం రాతిలో సమంగా పరచుకొని ఉండదు, రేణువులుగా అక్కడక్కడ చిక్కుకొని ఉంటుంది. ఒక్క నమూనాలో పెద్ద రేణువు పడితే చాలు, సగటు అమాంతం ఎగబాకుతుంది. అటువంటి విడి విలువలకు నివేదిక పైపరిమితి విధించిందో లేదో గమనించాలి.

వనరులు, నిల్వలు అనేవి ఒకటి కావు. పత్రికలు ఈ రెంటినీ తరచుగా కలిపేస్తాయి గాని, తవ్వితే గిట్టుబాటవుతుందని అధ్యయనంలో తేలిన భాగాన్ని మాత్రమే నిల్వ అనాలి. మన దేశపు నివేదికల్లో దీనికి మూడంకెల సంకేతం ఉంటుంది: మొదటి అంకె ఆర్థిక లాభసాటితనానికి, రెండవది సాధ్యాసాధ్యాల అధ్యయనానికి, మూడవది భూగర్భ అన్వేషణ స్థాయికి సంబంధించినది. 111 అంటే రుజువైన నిల్వ, 333 అంటే ఊహించిన వనరు, 334 అంటే తొలి పరిశీలనలో దొరికిన ఆనవాలు. ఈ మూడవ అంకెనే జీ చేర్చి కూడా రాస్తారు; అన్వేషణ జీ4తో మొదలై జీ1 వద్ద పూర్తవుతుంది కనుక అంకె ఎంత చిన్నదైతే నమ్మకం అంత ఎక్కువ.

గని లోపలి మాటలు అంత కష్టమైనవి కావు. షాఫ్టు నిట్టనిలువుగా దిగే బావి, లెవెల్ దాని నుంచి అడ్డంగా సాగే సొరంగం, స్టోప్ ఖనిజాన్ని తవ్వి తీసే చోటు. టెయిలింగ్స్ అంటే సయనైడ్ ద్రావణంతో బంగారాన్ని లాగేశాక మిగిలిన మెత్తని పొడి. కేజీఎఫ్ (కోలారు బంగారు గనుల ప్రాంతం)లో కొండల్లా కనిపించే సయనైడ్ దిబ్బలు అవే. ఆ రాతిని తవ్వి, పిండి చేసే ఖర్చు ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఆ దిబ్బల గ్రేడును భూగర్భ తీగ కటాఫ్‌తో పోల్చకూడదు.

కుప్పం గ్రానైట్ క్వారీల పత్రాలు చదివేవారికి ఒక హెచ్చరిక: అక్కడ కొలత ఘనపు మీటర్లలో ఉంటుంది, రికవరీ అంటే తవ్విన మొత్తం రాతిలో అమ్మకానికి పనికివచ్చే దిమ్మెల శాతం.