పత్తి పోగుతో పారిశ్రామిక విప్లవం

మూడో తరగతి పిల్లలకి ‘పారిశ్రామిక విప్లవం’ అనగానే చూపు కిటికీ వైపు పోతుంది. ఈసారి పుస్తకం తెరవకముందే తలా గుప్పెడు వత్తుల పత్తి ఇచ్చాను. ఐదు నిమిషాలు వేళ్లతో పేని పోగు తీయాలి, స్కేలుతో కొలవాలి. ఆ కొలతని ఎనిమిదితో హెచ్చవేయించండి: హార్‌గ్రీవ్స్ అనే ఆంగ్లేయుడు తయారుచేసిన నూలు వడికే యంత్రం, మొదటి ‘స్పిన్నింగ్ జెన్నీ’కి 8 కదుళ్లు, తిప్పేది ఒక్క మనిషే. తర్వాత రెండు నిమిషాలు బల్లల కింద దూరి రాలిన పత్తి ఏరించండి. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ పత్తి మిల్లుల్లో, నడుస్తున్న యంత్రాల కింద, ఈ పని పిల్లలే చేసేవాళ్లు. తొమ్మిదేళ్లలోపు వాళ్లని పత్తి మిల్లుల్లో పెట్టుకోకూడదని 1819లోనే చట్టం ఉన్నా, ప్రభుత్వ తనిఖీదారులు వచ్చింది 1833 చట్టంతోనే. “మరి అప్పటిదాకా ఎవరు చూశారు?” అని ఒక పాప అడిగింది.

ఫ్యాను ఆపకపోతే మాత్రం పత్తి గదంతా ఎగిరి పాఠం పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకి దూరంగా కూర్చుని లెక్కలు రాసే పని ఇవ్వండి.