కాజూ కత్లీ స్క్వేరేనా? పిల్లలకి చతురస్రం, దీర్ఘచతురస్రం నేర్పించడం ఎలా

మా చిన్నదానికి ఆరేళ్ళు, చతురస్రం బొమ్మ చూపిస్తే టక్కున స్క్వేర్ అంటుంది, అదే అట్టముక్కని కొంచెం తిప్పి మూల మీద నిలబెడితే మాత్రం "ఇది డైమండ్ కదా నాన్నా" అంటుంది. దాని తప్పేం లేదు లెండి, పుస్తకాల్లో స్క్వేర్ ఎప్పుడు చూసినా బాసింపట్టు వేసుకుని బుద్ధిగా కూర్చునే ఉంటుంది, పిల్లలేమో ఆ వాలకం చూసి గుర్తుపడతారు తప్ప మూలలూ భుజాలూ చూడరు. అందుకే నిర్వచనాలు బట్టీ పట్టించేకన్నా ముందు చేతులకి పని చెప్పండి.

ఫస్ట్ మూలలు చూసే పనిముట్టు ఒకటి కావాలి. పాత పేపర్ ముక్క ఏదైనా సరే, అంచులు చిరిగిపోయినా పర్లేదు, ఒకసారి మడవండి, ఆ మడత గీత మళ్ళీ దాని మీదే సరిగ్గా పడేలా ఇంకోసారి మడవండి, అంతే, కొసన వచ్చేది 90 డిగ్రీల మూల. లంబకోణం అన్న మాట అప్పుడే అక్కర్లేదు, మా ఇంట్లో దాని పేరు మూల పోలీసు. అది పట్టుకుని తలుపులు, టైల్స్, క్యారమ్ బోర్డు అన్నీ చెక్ చేసుకోనివ్వండి. (ఫోన్ మూలలు గుండ్రంగా ఉంటాయి కదా, అక్కడ పోలీసు ఒప్పుకోలేదని పెద్ద పంచాయితీ అయింది.)

భుజాలకి స్కేలు వద్దు, దారం చాలు. కొత్త 500 నోటు, కొత్త 100 నోటు పక్కపక్కన పెట్టండి, ఒకటి 150 మిల్లీమీటర్ల పొడుగు, ఇంకోటి 142, వెడల్పు మాత్రం రెండిటికీ 66. ఏ నోటు తీసుకున్నా ఎదురెదురు భుజాలు సమానం, నాలుగు మూలలకీ పోలీసు ఓకే. దీర్ఘచతురస్రం అంటే అదే.

ఇప్పుడు అసలు మజా, కాజూ కత్లీ. దారంతో కొలిస్తే బాగా కోసిన ముక్కకి నాలుగు వైపులా సమానమే వస్తుంది, స్క్వేరే అని అరిచేస్తారు, అప్పుడు పోలీసుని పిలవండి, రెండు మూలలు ఇరుగ్గా రెండు వెడల్పుగా ఉంటాయి. ఇంకా డౌట్ ఉంటే నాలుగు చీపురు పుల్లలు సమానంగా విరిచి, చపాతీ పిండి ఉండలతో మూలలు అతికించి స్క్వేర్ చేయండి, దాన్ని పక్కకి మెల్లగా నొక్కితే కాజూ కత్లీ అయిపోతుంది, పుల్లల పొడుగు ఏం మారలేదు, మూలలు మారాయి. మా అమ్మాయి ఇది ఒక ఇరవైసార్లు నొక్కింది, నేను ఆపలేదు. మూల మీద నిలబెట్టిన స్క్వేర్ మళ్ళీ ఇవ్వండి ఇప్పుడు, పోలీసుని పెట్టి చూసి డైమండ్ కాదని వాళ్ళే చెప్తారు.

స్క్వేర్ కూడా రెక్టాంగిలే అంటే పిల్లలు అస్సలు ఒప్పుకోరు, పెద్దవాళ్ళే చాలామంది ఒప్పుకోరు. నేనైతే మామిడిపండ్లు చెప్తా, ప్రతి బంగినపల్లీ మామిడిపండే, ప్రతి మామిడిపండూ బంగినపల్లి కాదు. నాలుగూ లంబకోణాలుంటే రెక్టాంగిల్, పైగా భుజాలన్నీ సమానమైతే స్క్వేర్. ఇది ఒక్కరోజులో ఎక్కదు, వదిలేసి మళ్ళీ వారం తర్వాత అడగండి.

చివరగా ఏఫోర్ పేపర్. పొట్టి అంచుని పొడుగు అంచు మీదకి ఏటవాలుగా మడిచి, మిగిలిన పట్టీ కత్తిరిస్తే 21 సెంటీమీటర్ల స్క్వేర్ వస్తుంది. దాన్ని మూల నుంచి మూలకి మడిస్తే అంచులు కరెక్టుగా కలుస్తాయి. మరి కత్తిరించని పేపర్‌ని అలాగే మడిస్తే? ముందు ఊహించమనండి. మాది రాత్రి అన్నాలప్పుడు వాళ్ళమ్మని అడిగింది, ఆవిడ కలుస్తాయి అంది, ఇది కంచం ముందు నుంచి లేచెళ్ళి పేపర్ తెచ్చి మడిచి చూపించింది, కలవలేదు.