పెళ్లిళ్ల సీజన్‌కు ముందు కొత్త మౌత్‌పీస్ చేయించుకుంటున్నారా?

ట్రంపెట్, ట్రాంబోన్ వాయించే బ్యాండువాళ్లు ఆర్డర్ ఇచ్చేముందు ఇవి చూసుకోండి.

– అన్నిటికంటే ముందు షాంక్, అంటే వాయిద్యం గొట్టంలోకి దిగే మౌత్‌పీస్ కాడ. ట్రాంబోన్లలో ముఖ్యంగా చిన్నది, పెద్దది అని రెండు సైజులుంటాయి. తేడా వస్తే గొట్టంలో సరిగ్గా కూర్చోదు, డబ్బు దండగ. కొలతకు మీ వాయిద్యమే పట్టుకెళ్లండి.

– నంబరు ఒక్కటే చెప్పొద్దు. బాక్ కంపెనీ మౌత్‌పీస్‌లలో అంకె పెరిగేకొద్దీ కప్పు (పెదవులు ఆనే గిన్నె) ఇరుకవుతుంది, యమహాలో వెడల్పవుతుంది. ట్రంపెట్‌కైతే బాక్ 7సి మోడల్‌కు యమహాలో దగ్గరిది 11బి4.

– పళ్ల పని ఉంటే ముందు అది ముగించండి. రిమ్ (కప్పు అంచు) పెదవి మీద ఆనినా వెనక ఆసరా పళ్లే.

– పెదవులు అలిసిపోయాక కూడా ఊది చూడండి. లోతు తక్కువ కప్పుతో పై స్వరాలు షాపులో హాయిగా పలుకుతాయి. బరాత్‌లో గంటసేపు ఊదాక పెదవి వాచి కప్పు అడుగుకు తగిలిందా, నాదం ఠక్కున ఆగిపోతుంది.

– పాతది అప్పుడే అమ్మేయకండి. కొత్తది అలవాటవడానికి వారాలు పట్టొచ్చు.