వరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులు: వేప కషాయం కొట్టినా ఆగకపోతే

ఆకు కొన నుంచి అంచుల వెంట పసుపు చార అలలుగా దిగి గడ్డి రంగుకు ఎండుతోంది

పొటాష్ లోపంలోనూ అంచులు ఎండుతాయి, కాబట్టి ముందు తెగులు ఏదో తేల్చుకోండి. పసుపూ పచ్చా కలిసే చోట రెండంగుళాల ఆకు ముక్క కోసి, కోసిన అంచు మునిగేలా గాజు గ్లాసులోని తేట నీళ్లలో పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో ఆ అంచు నుంచి పాలలాంటి సన్నని ధార కిందికి జారితే అది బ్యాక్టీరియానే. తెల్లవారుజామున మచ్చల మీద పసుపు జిగురు బొట్లూ కనిపిస్తాయి.

నాటిన రెండు మూడు వారాలకు పిలకలు వాడి చస్తున్నాయి

మొవ్వు లాగితే సులువుగా ఊడివస్తే కాండం తొలుచు పురుగు. ఊడకుండా, మొదలు నొక్కితే పసుపు జిగురు కారితే ఇదే తెగులు. నారు కొనలు తుంచి నాటితే ఆ గాయాల్లోంచే ఎక్కుతుంది. చచ్చిన పిలకను ఏ కషాయమూ లేపదు.

కషాయం తయారీ (5 శాతం)

వేప పప్పు పొడి 5 కిలోలు పల్చటి గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూటను పిండుతూ తీసి, రెండుసార్లు వడగట్టండి. 100 గ్రాముల సబ్బు పొడి విడిగా కరిగించి కలిపి, మొత్తం 100 లీటర్లు చేయండి. ఎకరానికి 200 లీటర్లు పడుతుంది, అంటే పప్పు 10 కిలోలు. పేరు కషాయమే కానీ పొయ్యి మీద పెట్టకండి, వేడికి వేపలోని మందు గుణం పోతుంది.

కొట్టినా తెగులు పాకుతోంది

ఎక్కువగా తప్పు ఇక్కడే. ఎండలో ఆరబెట్టిన గింజలు, ఎనిమిది నెలలు దాటినవి, బూజు పట్టినవి పనికిరావు. సబ్బు తగ్గితే వరి ఆకు మీది మైనపు పొరకు చుక్కలు పూసల్లా దొర్లి కింద పడతాయి. ఒక ఆకు మీద కొట్టి చూడండి: మందు పొరలా పరుచుకోవాలి. మధ్యాహ్నం కొడితే ఎండకు విరిగిపోతుంది, సాయంత్రమే మేలు. ఆకు తడిగా ఉన్నప్పుడు మడిలో తిరిగితే తెగులును మనమే మోసినట్టు.

వేప పురుగు మీద పనిచేసినంత గట్టిగా బ్యాక్టీరియా మీద పనిచేయదు. ఎండిన ఆకు తిరిగి పచ్చబడదు, కొత్త ఆకు శుభ్రంగా వస్తోందా లేదా అన్నదే చూడాలి. అందుకే తొలి మచ్చలకే మొదలుపెట్టి, 15 రోజులకు మళ్లీ కొట్టాలి. తాజా ఆవు పేడ 20 కిలోలు 100 లీటర్ల నీళ్లలో కలిపి, తేర్చి, వడగట్టి కొట్టడం కూడా తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసుల్లో ఉంది.

యూరియా వేస్తూ కషాయం కొడితే రెండూ దండగ. తెగులు నిలిచేదాకా పైపాటు యూరియా ఆపండి. మడిలో నీరు తీసేయండి, అయితే పక్క మడిలోకి కాదు, నేరుగా మురుగు కాలువలోకి.

ఏటా అదే మడిలో వస్తోంది

సాంబ మసూరి ఈ తెగులుకు తేలిగ్గా లొంగుతుంది. 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు తట్టుకునే జన్యువులున్నాయి. అలాంటి మడికి వచ్చే ఖరీఫ్‌లో ఆ విత్తనం వేయండి.