‘ఇన్‌ఫైనైట్’ కాదమ్మా, ‘ఇన్ఫినిట్’

"ఐ హ్యాడ్ ఇన్‌ఫైనైట్ వర్క్స్ టుడే, మేడమ్. అందుకే లేటైంది."

ఎస్.ఆర్.నగర్‌లో మా మేడ మీది గదిలో రోజూ రాత్రి 8 గంటలకు స్పోకెన్ ఇంగ్లిష్ బ్యాచ్ నడుపుతాను. పద్నాలుగు కుర్చీలు, ఒక వైట్‌బోర్డు, మూడో నంబరు దాటితే కిర్రుమనే ఫ్యాను. అమీర్‌పేటలో పగలంతా కోడింగ్ నేర్చుకుని, హాస్టల్ అన్నం తినేసి వస్తారు పిల్లలు. వాళ్లలో ఒకడు మొన్న మెట్లెక్కి ఆయాసపడుతూ అన్న మాట అది. అంత చిన్న వాక్యంలో దిద్దాల్సినవి మూడున్నాయి.

ముందు పలకడం సంగతి. ఫైనైట్ అంటే అంతు ఉన్నది. దాని ముందు ‘ఇన్’ చేరగానే పలుకు మొత్తం మారిపోతుంది: ఇన్ఫినిట్. ఊనిక ‘ఇన్’ మీద, మిగతాది తేలిగ్గా జారిపోవాలి. స్పెల్లింగ్ చూసి చదివేవాళ్లందరూ ఇక్కడే పడతారు. నేనూ పడ్డాను. ఇరవై రెండేళ్ల కిందట ఒక స్కూల్లో టీచరు ఉద్యోగానికి వెళ్లి, పిల్లలంటే నాకు ‘ఇన్‌ఫైనైట్ లవ్’ అని గట్టిగా చెప్పాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ‘ఇన్ఫినిట్’ అని నెమ్మదిగా తనలో తాను అనుకున్నట్టు అని, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క మాటకే పోయిందని అనను గానీ, ఆ పెన్ను కదలడం మాత్రం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

రెండోది ‘వర్క్స్’. పని అనే అర్థంలో వర్క్‌కు బహువచనం లేదు. మనం పనులు అంటాం కాబట్టి నోటికి ‘స్’ వచ్చేస్తుంది. దాన్ని మింగేయండి.

మూడోదే అసలు విషయం. రోజువారీ పనికి ఇన్ఫినిట్ సరిపోతుందా? ఇక్కడ నేను డిక్షనరీ తీయనివ్వను. ‘నువ్వు ఇంట్లో తెలుగులో ఏమంటావు?’ అని అడుగుతాను. అనంతమైన పని అని ఎవరూ అనరు. ‘ఒడవని పని’ అంటారు, ‘తెమలని పని’ అంటారు. ఒడవనిదైతే ఇంగ్లిష్‌లో ఎండ్‌లెస్. ‘ది వర్క్ వాజ్ ఎండ్‌లెస్ టుడే’ అంటే చాలు. విసుగు నషాళానికి అంటితే ఇంటర్మినబుల్ ఉంది. ‘యాన్ ఇంటర్మినబుల్ మీటింగ్’ అన్నామంటే అది తిట్టే. ఎండ్‌లెస్‌ను ప్రేమకూ వాడొచ్చు, పంజాగుట్ట సిగ్నల్‌కూ వాడొచ్చు. ఇంటర్మినబుల్‌ను ప్రేమకు వాడితే ఆ సంబంధం ఉండదు.

మన భాషలో ఈ తేడాలన్నీ ఎప్పుడో ఉన్నాయి. హద్దుల్లేని ఉత్సాహం బౌండ్‌లెస్ ఎంథూజియాజమ్. ఎడతెరిపి లేని వాన ఇన్సెసెంట్ రెయిన్, ఇంగ్లిష్ పేపర్లో ప్రతి జులైలో కనిపించేది అదే. అనంతం ఇన్ఫినిట్. అనంతం, ఇన్ఫినిట్ రెండూ ఒకే అచ్చులో పోసినవి: లాటిన్‌లో ‘ఇన్’ అంటే కాదు, ‘ఫీనిస్’ అంటే చివర, మనకు అన్, అంతం కలిస్తే అనంతం.

అందరూ తడబడేది అన్‌లిమిటెడ్ దగ్గర. దీనికి బోర్డు మీద ఎంత రాసినా లాభం లేదని ఒక ఆదివారం బ్యాచ్ మొత్తాన్ని మైత్రీవనం వెనక సందులో ఉన్న మెస్సుకు తీసుకెళ్లాను. గోడ మీద ‘అన్‌లిమిటెడ్ మీల్స్’ అని ఎర్ర అక్షరాలు. కింద చిన్నగా: అప్పడం ఒక్కటే, పార్శిల్‌కు వర్తించదు. సాంబారు బకెట్టుతో తిరిగే అన్న అడిగిన వాళ్లకల్లా వంచుతూనే ఉన్నాడు. మూడు కావస్తుండగా మావాడొకడు నాలుగోసారి అన్నం అడిగితే, ఆయన వంటింటి వైపు తొంగి చూసి, ‘రైస్ అయిపోయింది తమ్ముడూ, పది నిమిషాలు ఆగు’ అన్నాడు. అక్కడే చెప్పాను: చూశారా, ఇది అన్‌లిమిటెడ్, ఇన్ఫినిట్ కాదు. గుండిగకు అడుగు ఉంది. వద్దనే మనిషి లేడు, అంతే.

అంటే పరిమితి పెట్టగల వాళ్లెవరో ఉండి, వాళ్లు పెట్టకపోతే అన్‌లిమిటెడ్. కాల్స్, డేటా, లీవులు, బస్ పాస్ మీద ప్రయాణాలు అన్నీ ఈ లెక్కే. అందుకే ఆ మాట పక్కన ఎప్పుడూ ఒక నక్షత్రం గుర్తు, కింద షరతులు ఉంటాయి. ఆకాశానికి షరతులు ఉండవు కాబట్టి అది అన్‌లిమిటెడ్ స్కై కాదు.

మరి ఇన్ఫినిట్ ఎక్కడ వాడాలి? కొలతకు అందని గుణాల దగ్గర హాయిగా కూర్చుంటుంది: ఇన్ఫినిట్ పేషెన్స్, ఇన్ఫినిట్ కేర్, ఇన్ఫినిట్ వెరైటీ. ‘మై మదర్-ఇన్-లా హ్యాజ్ ఇన్ఫినిట్ పేషెన్స్ విత్ హర్ ఓల్డ్ మిక్సీ.’ (నాతో మాత్రం కాదు. ఆవిడ ఇది చదవదులెండి.) లెక్కపెట్టే వాటికైతే ‘యాన్ ఇన్ఫినిట్ నంబర్ ఆఫ్’ అని, తర్వాత బహువచనం. ముందు ‘ఎ’ కాదు, ‘యాన్’.

‘వెరీ ఇన్ఫినిట్’, ‘మోర్ ఇన్ఫినిట్’ అనకండి. అంతే లేనిదానికి ఇంకా ఎక్కువ ఎక్కడుంటుంది? ఈ మాట క్లాసులో అంటుంటే, కింది వాటాలో మ్యాథ్స్ చెప్పే సారు మెట్ల మీద నుంచే అడ్డుపడ్డాడు. ఒక అనంతం కన్నా ఇంకో అనంతం పెద్దది కావచ్చని 1874లోనే గేయోర్గ్ కాంటర్ అనే గణితవేత్త దారి చూపించాడట. నిజమే. కానీ ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు కాంటర్‌ను గుర్తు చేసుకోరు, మన గ్రామరే చూస్తారు. ‘ఆల్మోస్ట్ ఇన్ఫినిట్’, ‘సీమింగ్లీ ఇన్ఫినిట్’ అనడం మాత్రం బాగానే ఉంటుంది. పోలిక కావాలంటే ఇన్ఫినిట్లీ ఉంది: ‘దిస్ చాయ్ ఈజ్ ఇన్ఫినిట్లీ బెటర్.’

‘ఇన్ హిజ్ ఇన్ఫినిట్ విజ్‌డమ్’ అనే మాటతో జాగ్రత్త. దేవుడి గురించి అంటే భక్తి. మేనేజర్ గురించి, ‘ఇన్ హిజ్ ఇన్ఫినిట్ విజ్‌డమ్, హి క్యాన్సిల్డ్ అవర్ లీవ్’ అంటే మాత్రం వెక్కిరింత. మనం ‘మహానుభావుడు’ అని పళ్లు కొరుకుతూ అంటామే, అచ్చంగా అది. మెయిల్‌లో రాయకండి.

ఇంకొక్కటి. ఇన్ఫినిటెసిమల్ అని ఒక పెద్ద మాట ఉంది. పొడుగ్గా ఉంది కదా, ఇన్ఫినిట్ కన్నా గొప్పదేమో అనిపిస్తుంది. దాని అర్థం కంటికి ఆననంత చిన్నది, రవ్వలో రవ్వ. పోయిన బ్యాచ్‌లో ఒకమ్మాయి రెజ్యూమె దిద్దమని ఇచ్చింది. మొదటి లైనులోనే కొత్త విషయాలు నేర్చుకోవడం మీద తనకు ‘ఇన్ఫినిటెసిమల్ ఇంట్రెస్ట్’ ఉందని రాసుకుంది. ఎర్ర పెన్ను తీశాను. "ఉండండి మేడమ్," అని ఫోన్ చూసుకుంటూ చిన్న గొంతుతో అంది, "ఇదే కాపీ పొద్దున మూడు కంపెనీలకు పంపిన."