బియర్డెడ్ డ్రాగన్ చలికాలం నిద్ర: పనంతా ముందే ఉంటుంది

మిన్నెసోటాలో అక్టోబరు చివరికొచ్చేసరికి మా మిర్చి తిండి తగ్గించేస్తుంది. మిర్చి అంటే మా అబ్బాయి పెంచుకునే బియర్డెడ్ డ్రాగన్, ఒక రకం బల్లి. పేరుకి వాడిది, చాకిరీ నాది. తన అద్దాల ట్యాంకులో వేడినిచ్చే లైటు కింద కూర్చోవడం మానేసి, చల్లగా ఉండే మూలకి పోయి రాళ్ల గుహలో దూరుతుంది. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య చూసి "తొండకి ఒంట్లో బాగున్నట్టు లేదే అమ్మాయ్" అన్నారు. తొండ అన్నా తప్పులేదు, రెండూ ఒకే కుటుంబం. కానీ జబ్బు కాదు. వీటి సొంత ఊరు ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలలు. అక్కడ చలికాలంలో ఒక చోట దాక్కుని మత్తుగా పడి ఉంటాయి. ఇదే బ్రూమేషన్. ఇళ్లలో పుట్టినవాటికీ ఆ అలవాటు పోలేదు. కొన్ని కొద్ది వారాలు పడుకుంటాయి, కొన్ని మూడు నెలలు, కొన్ని అసలు పడుకోవు. పడుకోనిదాన్ని బలవంతంగా పడుకోబెట్టక్కర్లేదు.

పడుకున్నాక మనం చేసేది తక్కువ. ముందు చేయాల్సిందే ఎక్కువ.

జబ్బుపడ్డ డ్రాగన్ కూడా ఇలాగే తిండి మానేసి పడుకుంటుంది. చూసి తేడా చెప్పలేం. అందుకే సెప్టెంబరులోనే, సరీసృపాలు చూసే వెట్‌కి (పశువైద్యుడికి) చూపించి మలం పరీక్ష చేయించండి. కడుపులో పురుగులుంటే ముందే మందు పడాలి. ఏడాది నిండని పిల్ల మందకొడిగా ఉంటే మాత్రం దాన్ని నిద్ర అనుకోకండి. లైట్లు, వేడి యథావిధిగా ఉంచి వెట్ దగ్గరికి తీసుకెళ్లండి.

అన్నిటికన్నా ముఖ్యం కడుపు ఖాళీ కావడం. దీనికి తిండి అరగాలంటే బయటి వేడి కావాలి. లైటు కింద నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ పైన కాసేపు కాగితేనే అరుగుతుంది. చల్లబడ్డాక కడుపులో ఏమైనా మిగిలితే అక్కడే కుళ్లిపోతుంది, ప్రాణానికే ముప్పు. అందుకని నేను తిండి ఆపేశాక కూడా లైట్లు ఆపను. వారం పదిరోజులు రోజూ వెచ్చగా కాగనిస్తాను. మధ్యలో గోరువెచ్చని నీళ్లలో కాసేపు వదిలితే కడుపు కదులుతుంది. కడుపు పూర్తిగా ఖాళీ అయ్యిందనిపించాకే లైటు సమయం పన్నెండు గంటల నుంచి పదికి, ఎనిమిదికి తగ్గించి, చివరికి ఆపేస్తాను. ట్యాంకులో తిండికి వేసినవాటిలో మిగిలిన క్రికెట్ పురుగులన్నీ (కీచురాళ్లు) ఏరేయాలి, నిద్రలో ఉన్నదాన్ని కొరుకుతాయి.

పడుకున్న చోట 60 నుంచి 70 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 15–21 సెల్సియస్) ఉంటే చాలు. మా దగ్గర జనవరిలో కిటికీ పక్కన అంతకన్నా బాగా చల్లగా ఉంటుంది, అందుకే ట్యాంకుని లోపలి గోడ వైపు జరుపుతాం. అద్దానికి అంటించే థర్మామీటర్‌ని నేను నమ్మను. డిజిటల్‌దాని ప్రోబ్‌ని అది పడుకున్న గుహలోనే పెడతాను.

వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. (ఆ త్రాసు మళ్లీ వంటింట్లోకి రాకూడదని మా అత్తయ్య ఆర్డరు.) నిద్రలో బరువు పెద్దగా తగ్గకూడదు. 400 గ్రాములది 40 గ్రాములు తగ్గిందంటే వెట్‌కి ఫోన్ చేయాల్సిందే. కళ్లు లోపలికి పోయినా, నోట్లో నురగ కనిపించినా, నీళ్ల విరేచనం అయినా బరువు కోసం ఆగకండి. నీళ్ల గిన్నె ఎప్పుడూ ఉండాలి. మధ్యలో కళ్లు తెరిస్తే ముక్కు మీద రెండు చుక్కలు వేయండి, నాకుతుంది. పాపం లేచిందని తిండి మాత్రం పెట్టకండి.

లేచి బయటికొచ్చి మళ్లీ లోపలికి పోకుండా కూర్చుంటే నిద్ర అయిపోయినట్టే. లైటు గంటలు వారం రోజుల్లో మెల్లగా పెంచండి. ముందు నీళ్లు, స్నానం. ఒకట్రెండు రోజులాగి కాస్త కాలర్డ్ అనే ఆకుకూర, తర్వాత క్యాల్షియం పొడి అద్దిన డూబియా బొద్దింకలు (వీటి తిండికే అమ్మే రకం) రెండు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే యూవీబీ ట్యూబు వెలుగుతూనే ఉన్నా లోపల పస తగ్గిపోతుంది, అందుకే ఏటా అప్పుడే మార్చేస్తాను.

మీది ఆడదైతే, మగ తోడు లేకపోయినా లేచాక గుడ్లు పెట్టొచ్చు. అదేపనిగా తవ్వుతుంటే తడి మట్టి, ఇసుక కలిపిన లోతైన డబ్బా పెట్టండి. తవ్వి తవ్వి గుడ్లు పెట్టకుండా నీరసపడితే ఆ రోజే వెట్ దగ్గరికి తీసుకెళ్లండి.